యుద్ధంలో పోయిన యువ నౌకాదళ అధికారి గురించి రాయాలనుకుంటే

డిసెంబర్ 4 వస్తుందంటే చాలు, నేవీ డే కోసం స్కూళ్లలో వ్యాసాలు, ఫోన్లలో పోస్టులు మొదలవుతాయి. వాటిలో చాలావరకు పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టినా తేడా తెలియదు. "చిన్న వయసులోనే దేశం కోసం ప్రాణాలర్పించిన వీరుడు" అని మొదలై, "ఆయన త్యాగం మరువలేనిది" అని ముగుస్తాయి. మధ్యలో మనిషి ఉండడు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే పోయినవాళ్లకు మనం చేయగలిగింది వాళ్లను వాళ్లలాగే గుర్తుపెట్టుకోవడం ఒక్కటే. అందుకే ఇలాంటి జీవితకథ ఎలా వెతకాలి, ఏ వరసలో రాయాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది ఒక నిజమైన ఉదాహరణతో చెప్తాను.

ఉదాహరణకి నేను తీసుకుంటున్నది చిలీ దేశపు ఆర్తురో ప్రాత్. చిలీకీ పెరూకీ మధ్య జరిగిన యుద్ధంలో, 1879 మే 21న, 31 ఏళ్ల వయసులో, అప్పట్లో పెరూదైన ఇకీకే రేవులో పెరూ యుద్ధనౌక డెక్ మీద చనిపోయాడు. మనకి సంబంధం లేని దేశమే, కానీ ఆయన గురించి కాగితాలు బాగా మిగిలాయి, రెండు వైపుల సాక్ష్యమూ ఉంది, చనిపోయాక ఆ పేరుకి ఏమేం జరిగిందో కూడా స్పష్టంగా కనిపిస్తుంది. పని నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

చావుతో మొదలుపెట్టకండి

చనిపోయింది ఒక్క పూటలో. బతికింది 31 ఏళ్లు. మీ దగ్గర నాలుగు పేజీలు ఉంటే రెండు పేజీలైనా ఆ బతుక్కి ఇవ్వండి, లేకపోతే చివరి పూట ఆయన చేసిన పని ఎవరు చేశారో చదివేవాళ్లకి తెలియదు.

ప్రాత్ 1848 ఏప్రిల్ 3న నిన్వే అనే ఊరి దగ్గర ఒక పల్లె ఎస్టేట్‌లో పుట్టాడు. తండ్రి వ్యాపారం దెబ్బతింది, తర్వాత ఆయన ఆరోగ్యమూ పోయింది. పదేళ్ల పిల్లాడు 1858లో నౌకాదళ పాఠశాలలో చేరాడు. ఇక్కడ ఒక పని చేయండి: ఆ బ్యాచ్‌లో ఇంకెవరున్నారో వెతకండి. కార్లోస్ కొండెల్, లూయిస్ ఉరిబే, హువాన్ హోసె లతోర్రె, అందరూ అప్పటివాళ్లే, ఇరవై ఏళ్ల తర్వాత అదే యుద్ధంలో అందరి పేర్లూ వినిపిస్తాయి. ఉరిబే సంగతి ఇంకా దగ్గరిది. ఉరిబే తల్లి రొసారియో ఒర్రెగో రచయిత్రి, ఆమె రెండో భర్త హసింతో చాకోన్ ప్రాత్‌కి స్వయానా మేనమామ. అంటే చుట్టరికం కూడా ఉంది. ఈ ఉరిబేని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

చదువుతున్నప్పుడు "ఇది వీరుడి కథకి అవసరమా" అనిపించే విషయాలే ఎక్కువ పనికొస్తాయి. ప్రాత్ లాయరు. ఓడ మీద ఉద్యోగం చేస్తూనే లా చదివి 1876లో పట్టా పుచ్చుకున్నాడు, ఆయన పట్టా కోసం రాసిన వ్యాసం ఎన్నికల చట్టం మీద. యుద్ధం గురించి కాదు, ఓట్లు ఎలా వేయాలన్న దాని గురించి! చిలీ రేవు పట్నం వల్పరాయిసోలో పనివాళ్ల కోసం నడిచే రాత్రి బడిలో పాఠాలు చెప్పాడు. 1873లో కార్మెలా కర్వహాల్‌ని పెళ్లి చేసుకున్నాడు, మొదటి బిడ్డ పసిగుడ్డుగానే పోయింది, ఆ సమయంలో ఆయన ఇంట్లో లేడు, ఓడ మీద ఉన్నాడు. తర్వాత పుట్టిన ఇద్దరు బతికారు. ఈ నాలుగు మాటలు రాస్తే చాలు, చదివేవాళ్లకి మనిషి కళ్ల ముందు కనిపిస్తాడు, మీరు విశేషణాలు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఇప్పుడు ఉరిబే. ఇంగ్లండ్‌లో ఉండగా పై అధికారి వద్దన్నా పెళ్లి చేసుకుని, ఆయనతో గొడవపడ్డాడని ఉరిబే మీద సైనిక న్యాయస్థానంలో కేసు పెట్టారు. అతని తరఫున వాదించింది ప్రాత్. పై అధికారులకి ఇది నచ్చే పని కాదని ఎవరికైనా తెలుస్తుంది. అయినా వాదించాడు. ధైర్యం గురించి రాయాలంటే నేనైతే కత్తి పట్టుకుని దూకిన క్షణం కన్నా ముందు ఈ సంఘటన రాస్తాను, ఎందుకంటే ఇది చల్లగా ఆలోచించుకుని చేసింది, ఉద్యోగం మీద ప్రభావం పడుతుందని తెలిసి చేసింది.

ఇంకో విషయం కూడా వదలొద్దు. 1875 మే నెలలో వల్పరాయిసో రేవులో పెద్ద తుఫాను వచ్చింది. ప్రాత్ ఆరోగ్యం బాగాలేక ఒడ్డున ఉన్నాడు, తన ఓడ ఎస్మెరాల్డా కొట్టుకుపోయే స్థితిలో ఉందని తెలిసి ఎలాగో దాని మీదికి చేరుకున్నాడు, ఓడని కాపాడటంలో నిలబడ్డాడు. నాలుగేళ్ల తర్వాత అదే ఓడ మీద నుంచి ఆయన దూకబోతున్నాడు. ఇలా ఒకే ఓడ, ఒకే రేవు, ఒకే మనిషి మళ్లీ మళ్లీ వచ్చే చోట్లని గుర్తించి కలపండి. కథని మీరు అల్లక్కర్లేదు, అది అక్కడే ఉంటుంది.

ఆ రోజుని గడియారంతో, మ్యాప్‌తో రాయండి

యుద్ధం రాసేటప్పుడు ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. "భీకర పోరు జరిగింది" అంటే ఏమీ చెప్పనట్టే. ముందు మ్యాప్ తెరిచి రేవు ఎటు ఉంది, ఊరు ఎటు ఉంది చూసుకోండి, తర్వాత ఓడల వివరాలు ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. ఎస్మెరాల్డా చెక్క ఓడ, 1850లలో కట్టింది, బాయిలర్లు అరిగిపోయినవి. ఎదురుగా వచ్చిన ఉవాస్కార్ ఇనుప కవచం ఉన్న ఓడ, ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో 1865లో కట్టింది, తిరిగే టరెట్‌లో రెండు పది అంగుళాల ఫిరంగులు. ఈ రెండు వాక్యాలు రాసేస్తే "అసమాన పోరాటం" అన్న మాట మీరు వాడక్కర్లేదు.

తర్వాతి ప్రశ్న: అలాంటి పాత ఓడ అక్కడ ఎందుకుంది? దీనికి జవాబు రాయని వ్యాసాలే ఎక్కువ. చిలీ నౌకాదళాధిపతి హువాన్ విలియమ్స్ రెబొయెదో మంచి ఓడలన్నీ తీసుకుని పెరూ నౌకాదళాన్ని వెతుక్కుంటూ పెరూ రేవు కయావో వైపు వెళ్లాడు, ఇకీకే దిగ్బంధం కొనసాగించడానికి బలహీనమైన రెండు ఓడల్ని వదిలి వెళ్లాడు. అదే సమయంలో పెరూ ఓడలు దక్షిణానికి బయలుదేరాయి, దారిలో ఒకదానికొకటి తారసపడలేదు. ప్రాత్ అక్కడికి కోవదోంగా అనే చిన్న ఓడ కెప్టెన్‌గా వచ్చాడు, అక్కడికొచ్చాకే ఎస్మెరాల్డా ఆయన చేతికొచ్చింది, కోవదోంగా కొండెల్‌కి వెళ్లింది. వీరుడి కథలో పై అధికారుల నిర్ణయాలు రాయడం అగౌరవం అనుకోకండి. ఆ నిర్ణయాల వల్లే ఆయన ఆ రోజు అక్కడ ఉన్నాడు.

ఉదయం ఆరున్నర ప్రాంతంలో పెరూ ఓడలు ఉవాస్కార్, ఇందిపెందెన్సియా కనిపించాయి. పోరు మొదలయ్యే ముందు ప్రాత్ తన మనుషులతో మాట్లాడాడు: పోరు సమానం కాదు, మన జెండా శత్రువు ముందు ఎప్పుడూ దిగలేదు, నేను బతికున్నంతవరకు అది దాని చోటే ఎగురుతుంది, నేను పోతే నా అధికారులు వాళ్ల పని వాళ్లు చేస్తారు, అని దాని సారాంశం. చిలీలో చిన్న పిల్లలకి కూడా ఈ మాటలు వచ్చు. కానీ ఇది రికార్డు చేసింది కాదు, ఆ రోజు బతికి బయటపడ్డవాళ్లు చెప్పగా మనకి అందింది, ఒక్కోచోట ఒకటి రెండు మాటలు తేడాగా ఉంటాయి. అందుకే ఇలాంటి చివరి ప్రసంగాలు రాసేటప్పుడు కొటేషన్ గుర్తులు పెట్టకుండా సారాంశం రాసి, ఎవరు చెప్పగా తెలిసిందో ఒక్క మాటలో చెప్పండి. సినిమా డైలాగులాగా సొంతంగా పెంచి రాయడం మాత్రం వద్దు. చనిపోయినవాళ్ల నోట్లో మన మాటలు పెట్టే హక్కు మనకి లేదు.

ప్రాత్ తన ఓడని ఒడ్డుకి దగ్గరగా, ఊరికి ముందు నిలిపాడు. ఉవాస్కార్ గురి తప్పితే గుండు ఊరి మీద పడుతుంది, ఊరు అప్పుడు పెరూవాళ్లది. ఓడ చుట్టూ మందుపాతరలు ఉన్నాయేమోనని కూడా ఉవాస్కార్ కెప్టెన్ మిగెల్ గ్రావుకి అనుమానం. చెక్క ఓడ అన్ని గంటలు ఎలా నిలిచిందో ఇప్పుడు అర్థమవుతుంది కదా. చివరికి ఒడ్డు మీద నుంచి కూడా ఫిరంగులు పేలడంతో ఎస్మెరాల్డా కదలాల్సి వచ్చింది, అప్పటికి బాయిలర్ చెడిపోయి నత్తనడక నడుస్తోంది. ఫిరంగులతో పని కావట్లేదని గ్రావు తన ఓడ ముక్కుతో గుద్దడానికి వచ్చాడు. మొదటిసారి గుద్దినప్పుడు రెండు ఓడలూ తగులుకున్న ఆ కొద్ది క్షణాల్లో ప్రాత్ శత్రువు డెక్ మీదికి దూకాడు. వెంట సార్జెంట్ హువాన్ దె దియోస్ అల్దేయా వెళ్లాడు. మిగతావాళ్లు ఎందుకు దూకలేదని అడిగేవాళ్లుంటారు: ఆ చప్పుడులో ఆజ్ఞ అందరికీ వినిపించలేదు, ఓడలు వెంటనే విడిపోయాయి. ప్రాత్ ఆ డెక్ మీదే చనిపోయాడు. ఎవరి దెబ్బకి, ఎలా అన్నదాని మీద రకరకాల కథనాలున్నాయి, వాటిలో రక్తం ఎక్కువున్నదాన్ని ఎంచుకోకండి, డెక్ మీద చంపబడ్డాడు అని రాసి ముందుకెళ్లండి.

తర్వాత ఎస్మెరాల్డా బాధ్యత తీసుకున్నది ఎవరు? ఉరిబే. కోర్టులో ప్రాత్ కాపాడిన ఆ ఉరిబే. జెండా దించలేదు. రెండోసారి గుద్దినప్పుడు లెఫ్టినెంట్ ఇగ్నాసియో సెర్రానో ఇంకొంతమందితో దూకి పోయాడు. మూడోసారికి, మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాలకి, ఓడ మునిగింది. సుమారు 200 మందిలో బతికింది మూడో వంతు కూడా లేరు.

ఇంతటితో ఆపితే సగమే రాసినట్టు. అదే పూట కొండెల్ చిన్న ఓడని తీరం వెంబడి లోతు తక్కువ నీళ్లలోంచి తీసుకెళ్తుంటే, దాన్ని తరుముతూ వచ్చిన ఇందిపెందెన్సియా పుంతా గ్రుయెసా దగ్గర రాళ్లకి తగిలి పోయింది. పెరూకి ఉన్న రెండు ముఖ్యమైన ఇనుప ఓడల్లో ఒకటి అది. చెక్క ఓడ మునిగిన రోజే యుద్ధం లెక్క కూడా మారింది. "ఈ చావు వల్ల ఏమైనా తేడా వచ్చిందా" అని కచ్చితంగా ఎవరో ఒకరు అడుగుతారు, ఆ ప్రశ్నకి మీ దగ్గర నిజమైన జవాబు ఉండాలి. లేకపోతే లేదని రాయండి, అందులో తప్పేం లేదు.

అవతలి వైపు ఏమన్నారో చదవకుండా ప్రచురించొద్దు

నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ముఖ్యమైన మెట్టు. మనవాళ్లు మనవాణ్ణి పొగుడుతారు, అది సహజం. శత్రువు ఏమన్నాడన్నది వేరే బరువు.

గ్రావు నీళ్లలో ఉన్నవాళ్లని పడవలు పంపి పైకి తీయించాడు. జూన్ 2న ప్రాత్ భార్య కార్మెలాకి ఉత్తరం రాశాడు, ఆమె భర్త తన దేశపు జెండా గౌరవం కోసం తెగించి ప్రాణమిచ్చాడని అందులో ఒప్పుకున్నాడు, ఆయన వస్తువులు జాబితా రాసి మరీ పంపాడు. కత్తి, పెళ్లి ఉంగరం, చొక్కా బొత్తాలు, భార్యవీ పిల్లలవీ అనిపించే ఫొటోలు. ఆగస్టు 1న కార్మెలా జవాబు రాసింది, కృతజ్ఞతతో, ఎక్కడా కోపం లేకుండా. అక్టోబర్ 8న ఆంగమోస్ దగ్గర జరిగిన ఇంకో నౌకా పోరులో గ్రావు కూడా చనిపోయాడు, అదే ఉవాస్కార్ మీద. ఈ రెండు ఉత్తరాలూ స్పానిష్‌లో సులువుగా దొరుకుతాయి, ఫోన్‌లో అనువాదం పెట్టుకుని చదివినా విషయం అర్థమవుతుంది, కాకపోతే మీ వ్యాసంలో ఆ యంత్రం ఇచ్చిన వాక్యాన్ని కొటేషన్‌గా పెట్టొద్దు, స్పానిష్ తెలిసినవాళ్లకి ఒకసారి చూపించండి.

అవతలి వైపు చదివితే ఇంకో పేరు కూడా దొరుకుతుంది. లెఫ్టినెంట్ హోర్హె వెలార్దె. పెరూ నౌకాదళ యువ అధికారి, అదే రోజు అదే ఉవాస్కార్ డెక్ మీద చనిపోయాడు. చిలీ వైపు కథ మాత్రమే చదివినవాళ్లకి ఈ పేరు తెలియదు. మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా ఇలాంటివాళ్లకి ఇవ్వండి.

మరి శవాల సంగతి? ప్రాత్‌నీ సెర్రానోనీ ఇకీకేలోనే పాతిపెట్టారు, ఆ పని పూనుకుని చేయించింది అక్కడ స్థిరపడ్డ స్పెయిన్ దేశస్థుడు ఎదువార్దో యానోస్. ఈ యుద్ధంలో ఆయనకి ఏ వైపూ లేదు. 1888లో ఎముకల్ని వల్పరాయిసోకి తెచ్చి, అంతకు రెండేళ్ల ముందు కట్టిన స్మారకం కింద ఉంచారు. ఎవరు పూడ్చారు, ఎక్కడ, ఎప్పుడు మార్చారు అనే వివరాలు పొడిగా అనిపిస్తాయి గానీ కుటుంబానికి అవే ముఖ్యం.

వారసత్వం అంటే విగ్రహాలు లెక్కపెట్టడం కాదు

జాబితా ఇవ్వడం తేలిక: చిలీలో మే 21 సెలవు, 10,000 పెసోల నోటు మీద ఆయన బొమ్మ, నౌకాదళ పాఠశాలకి ఆయన పేరు, ఇకీకేలో ఆయన పేరుతో యూనివర్సిటీ, అంటార్కిటికాలో 1947లో మొదలైన స్థావరానికి ఆయన పేరు. ఒక వాక్యంలో రాసేసి వదిలేయండి. అసలు రాయాల్సింది ఆ జ్ఞాపకాన్ని ఎవరు ఎలా వాడుకున్నారన్నది. 1926 నుంచి దాదాపు తొంభై ఏళ్లు చిలీ అధ్యక్షులు ఏటా దేశ పరిస్థితి మీద ప్రసంగం చేసింది మే 21నే, తర్వాతే దాన్ని జూన్ 1కి మార్చారు. ఓడిపోయిన పోరు రోజున ఒక దేశం తన లెక్కలు చెప్పుకుందంటే ఆ పేరుకి ఎంత బరువు వచ్చిందో చూడండి. పెరూ అదే రోజుని గ్రావు మంచితనం కోసం గుర్తుచేసుకుంటుంది.

ఇక ఉవాస్కార్. ఆంగమోస్‌లో చిలీకి చిక్కిన ఆ ఓడ ఇప్పటికీ తల్కావానో రేవులో మ్యూజియంగా ఉంది. దాని మీద చనిపోయిన ముగ్గురు కెప్టెన్లనీ అక్కడ స్మరిస్తారు: ప్రాత్, గ్రావు, తర్వాత అదే ఓడని చిలీ తరఫున నడిపి 1880లో పోయిన మాన్వెల్ థామ్సన్. రెండు వైపులవాళ్లూ ఒకే ఓడ మీద. కార్మెలా మాత్రం 1931 వరకు బతికింది, భర్త పోయాక యాభై రెండేళ్లు. వారసత్వం అనే భాగంలో ఈ యాభై రెండేళ్లకి చోటు లేకపోతే ఆ భాగం నాకు నచ్చదు.

మనవాళ్ల గురించి రాసేటప్పుడు

పద్ధతి ఇదే, కాగితాలు వెతికే చోట్లు వేరు. 1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా పేరు అందరికీ తెలుసు, ఆయనకి మహావీర్ చక్ర ఇచ్చారు. మిగతా పదిహేడు మంది అధికారుల్లో ఎందరి పేర్లు మనం చెప్పగలం? మీరు రాయాలనుకుంటే అక్కడ మొదలుపెట్టండి. డయ్యూలో స్మారకం ఉంది. ఢిల్లీలో 2019లో మొదలైన జాతీయ యుద్ధ స్మారకంలో గోడల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. శౌర్య పురస్కారాల ప్రశంసాపత్రాలు రక్షణశాఖ వెబ్‌సైట్‌లో చదువుకోవచ్చు. రెండో ప్రపంచయుద్ధం నాటి రాయల్ ఇండియన్ నేవీవాళ్ల కోసమైతే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో పేరుతో వెతకండి. అవతలి వైపు కూడా ఉంది: హంగోర్ ఇప్పుడు కరాచీ మ్యూజియంలో ఉంది, దాని కమాండర్ అహ్మద్ తస్నీమ్ ఆ రాత్రి గురించి చెప్పిన మాటలు దొరుకుతాయి.

విశాఖవాళ్లయితే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గురించి ఎలాగూ వింటూ పెరిగి ఉంటారు. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ దగ్గర మునిగింది, అందులో ఉన్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వల్ల మునిగిందని మన కథనం, లోపలి పేలుడు లేదా సొంత మైన్ అని పాకిస్తాన్ కథనం. రెండూ రాయండి, ఎవరిది ఏదో చెప్పి రాయండి. బీచ్ రోడ్డులో విజయ స్మారకం ముందు ఫొటో దిగే పిల్లలకి ఆ నీళ్ల కింద ఉన్నవాళ్లకి కూడా ఇళ్లు ఉన్నాయని చెప్తే వాళ్ల దేశభక్తి తగ్గదు.

కుటుంబం ఇంకా ఉంటే వాళ్ల దగ్గరికి వెళ్లే ముందు పైన చెప్పిన కాగితాలన్నీ చదివేసి ఉండండి. "మీ అబ్బాయి ఎలా చనిపోయాడమ్మా" అని ఆ తల్లిని అడిగే పరిస్థితి రాకూడదు, అది మీకు ముందే తెలిసి ఉండాలి. చిన్నప్పుడు ఏం అల్లరి చేసేవాడు, ఏ సబ్జెక్ట్ ఇష్టం, ఉత్తరాల్లో ఇంటిగురించి ఏం అడిగేవాడు, ఇవి అడగండి. ఉత్తరాలు చూపిస్తే అక్కడే చదువుకోండి, ఫొటో తీసుకోవచ్చా అని ప్రత్యేకంగా అడగండి, వద్దంటే సరే అనండి. పెద్దవాళ్లు మధ్యలో మాట ఆపేస్తే కాసేపు ఊరుకోండి, ఇంకో ప్రశ్న వేయకండి. తేదీల్లో వాళ్లు పొరబడితే అక్కడ సరిదిద్దకండి, రాసేటప్పుడు కాగితం చూసి సరిచేసుకోండి. రాసింది అచ్చుకి పంపే ముందు వాళ్లకి మొత్తం చదివి వినిపించండి, ఏదైనా తీసేయమంటే, అది యుద్ధ చరిత్రకి సంబంధించిన నిజం కానంతవరకు, తీసేయండి. అచ్చయ్యాక ఒక కాపీ వాళ్లకి మీరే తీసుకెళ్లి ఇవ్వండి, వాట్సాప్‌లో లింకు పంపి ఊరుకోవద్దు.